ఆగస్టు ఉక్కలో నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పరిగెత్తితే పాదాలకు బొబ్బలు. ఎలా ఆపాలి?

చెమటకు నానిన చర్మం సాక్సుకు అతుక్కుపోతుంది, లోపల ఎముక మాత్రం కదులుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు చర్మపు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. కాబట్టి ముందు కాటన్ సాక్సులు మానేయండి, అవి తడిని వదలవు. నైలాన్‌వో పాలిస్టర్‌వో వాడండి. వేడికి పాదం ఉబ్బుతుంది. అందుకే షూ పాదం ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనండి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ జారుతుంటే లేసును చివరి రంధ్రం దాకా ఎక్కించి బిగించండి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోవడమూ తగ్గుతుంది.

ఎప్పుడూ ఒరుసుకునే చోట పొడి చర్మం మీద పేపర్ టేప్ (గాయాల కట్లకు వాడేది) ముడతల్లేకుండా అంటించండి. అక్కడ వాసెలిన్ వద్దు, టేప్ ఊడిపోతుంది. అన్నట్టు, నెత్తిన నీళ్లు గుమ్మరించుకునేటప్పుడు ముందుకు వంగండి, లేకపోతే అవన్నీ షూలోకే.