రేసుల నించి వచ్చిన గుర్రంతో డ్రెస్సాజ్ సీజన్ చేయొచ్చా? చేయొచ్చు, కానీ ముందు దానికి నడవడం నేర్పాలి

మీరు అడిగింది ఇదీ: నార్తర్న్ వర్జీనియాలో ఉంటున్నారు, కొంతకాలంగా రైడింగ్ నేర్చుకుంటున్నారు, 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లకి డ్రెస్సాజ్‌లో (గుర్రం చేత నిర్ణీత కదలికలు లయగా చేయించి మార్కులు తెచ్చుకునే ఆట) గోల్డ్ వచ్చినప్పట్నించీ ఆ ఆట మీద మనసు పడింది. ఇప్పుడు రేసుల్లోంచి రిటైరైన థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి గుర్రం) ఒకటి తక్కువ ధరకి వస్తోంది, దాన్ని తీసుకుని వచ్చే ఏడాది షో సీజన్ చేయొచ్చా అని. నేను ఉండేది ఈ చుట్టుపక్కలే, నా గుర్రం కూడా అలాంటిదే, అందుకే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది.

ముందు టీవీలో చూసినదాన్ని పక్కన పెట్టండి. హాంగ్‌జౌలో అనూష్ అగర్వాలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, సుదీప్తి హజేలా టీమ్ పోటీలో చేసింది ప్రి సెయింట్ జార్జ్ అనే టెస్ట్, అంటే ముందే రాసిపెట్టిన కదలికల వరస. ఇక్కడి లెక్కలో అది ఇంట్రో, ట్రైనింగ్, ఫస్ట్, సెకండ్, థర్డ్, ఫోర్త్ లెవెల్స్ అన్నీ దాటాక వచ్చే మెట్టు. మనం మొదలుపెట్టేది ఇంట్రోలోనో ట్రైనింగ్ లెవెల్లోనో. ఇంట్రోలో దాదాపు అంతా వాక్ (నడక), ట్రాట్ (దుడుకు నడక) ఉంటాయి, చివరి టెస్ట్‌లో మాత్రం కొంచెం కాంటర్ (నెమ్మది దౌడు), ట్రైనింగ్ లెవెల్లో అది అన్నిట్లో ఉంటుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, ఇరవై మీటర్ల సర్కిళ్లు, మూలలు, మధ్యలో ఆగి జడ్జికి నమస్కారం, అంతే. మొన్నమొన్నటిదాకా రేసులు పరుగెత్తిన గుర్రానికి ఆ "అంతే"లో ఒక్కటీ తెలియదు.

తెలిసినవేంటో చెప్తాను, ఎందుకంటే చాలామంది రేసు గుర్రాన్ని ఏమీ నేర్పని గుర్రం అనుకుంటారు. అది తప్పు, దానికి చాలా నేర్పారు, కాకపోతే మనకి కావలసినవి కావు. పగ్గాలు బిగిస్తే మనం ఆగమన్నట్టు, దానికి మాత్రం ఆనుకుని పరుగెత్తమన్నట్టు. కాబట్టి భయపడి గట్టిగా లాగినకొద్దీ ఇంకా వేగం పెంచుతుంది, అందులో దాని తప్పేం లేదు. జాకీని ఎవరో కింద నించి కాలు పట్టి ఎత్తి జీను మీద కూర్చోబెడతారు, చాలాసార్లు గుర్రం నడుస్తూ ఉండగానే. అందుకని మెట్టు పక్కన కదలకుండా నిలబడి ఎక్కించుకోవడం అనేది దానికి వింత. ఇక్కడి రేసులు దాదాపు అన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిశలో జరుగుతాయి, అంటే వేగంగా తిరిగే మలుపులు దాదాపు అన్నీ ఎడమవైపే. కుడివైపు సర్కిల్ మీద కుడి లీడ్‌తో (అంటే కుడి ముందుకాలు ముందుకి పడేలా) కాంటర్ అడిగితే మా చంటిగాడు మొదట్లో ఏదో కొత్త భాష విన్నట్టు చెవులు రెండూ వెనక్కి తిప్పేవాడు. (వాడి రేసు పేరు బారెడుంది, ఇంట్లో చంటి అని పెట్టుకున్నాం, బార్న్‌లో అమెరికన్లు "షాంటీ" చేసేశారు.)

కాబట్టి సీజన్ అంటే ఏప్రిల్ నించి సెప్టెంబరు దాకా అనుకోకండి. అది మొదలయ్యేది అంతకు ముందు శీతాకాలంలో. డిసెంబరు నించి మార్చి వరకు ఇండోర్ అరీనాలో మేం ఎక్కువగా చేసింది వాక్. చెప్తే బోర్‌గా ఉంటుంది, చేస్తే ఇంకా బోర్‌గా ఉంటుంది. నా కోచ్ ఒక గంట పాఠంలో సగం వాక్‌లోనే గడిపేది. ఆవిడ పద్ధతి ఏంటంటే పగ్గాలు పొడుగ్గా వదిలి, మెడ ముందుకీ కిందికీ చాచనిచ్చి, వెనక కాలి డెక్క ముందు కాలి గుర్తుని దాటి పడేదాకా ఆగడం, తర్వాత మెల్లిగా పగ్గాలు తీసుకోవడం, అప్పుడు గుర్రం బిగుసుకోకుండా అదే లయలో నడిస్తే మళ్లీ వదలడం. రేసు గుర్రాలకి కష్టం సరిగ్గా ఈ తీసుకునే చోటే ఉంది. పగ్గం చేతిలోకి రాగానే "ఓహో, మొదలైంది" అనుకుంటాయి, నడుము గట్టిపడిపోతుంది, వాక్ కాస్తా చిన్న చిన్న ట్రాట్ అడుగులైపోతుంది.

దీనికి ఇంత టైమ్ ఎందుకు అంటారా, మార్కుల లెక్క చూడండి. ప్రతి కదలికకీ సున్నా నించి పది దాకా మార్కు, అర మార్కులు కూడా వేస్తారు. ట్రైనింగ్ లెవెల్లో ఫ్రీ వాక్‌కి (పగ్గాలు వదిలి మెడ చాచనిచ్చే నడక) వేసిన మార్కుని రెండుతో గుణిస్తారు. ఏడు రావలసిన చోట ఐదు వస్తే పోయేది రెండు కాదు, నాలుగు. పైగా టెన్షన్ ఉంటే అది ఒక్క వాక్‌లోనే ఆగదు, చివర్లో మొత్తం ప్రదర్శనకి వేసే మార్కుల్లో కూడా కనబడుతుంది. ట్రాట్ గొప్పగా ఉన్న ఖరీదైన వార్మ్‌బ్లడ్‌లతో (డ్రెస్సాజ్ లాంటి ఆటల కోసం పెంచే జాతులు) మనం ట్రాట్‌లో పోటీ పడలేం, కానీ ప్రశాంతంగా నడిచే థరోబ్రెడ్ వాటిని వాక్‌లో దాటేయగలదు, ఎందుకంటే ఈ జాతిలో చాలా వాటికి సహజంగానే అంగ పెద్దది.

రెండో సంగతి కొలతలు. ఇది పూర్తిగా మన చేతిలో ఉంది, గుర్రం ఎంత మామూలుదైనా సరే. పెద్ద అరీనా ఇరవై మీటర్ల వెడల్పు, అరవై మీటర్ల పొడవు. అంచు చుట్టూ గుర్తులుగా అక్షరాలు ఉంటాయి, లోపలికి వచ్చే చోట A, ఎదురు చివర జడ్జి దగ్గర C. A దగ్గర ఇరవై మీటర్ల సర్కిల్ అంటే పక్క గోడని తాకాల్సింది మూల నించి పది మీటర్ల దగ్గర, అంటే K దాటి నాలుగు మీటర్లు, మధ్య గీతని తాకాల్సింది V, P అక్షరాల వరస దాటి రెండు మీటర్లు. చాలామంది మూలల్లోకి దూరిపోయి కోడిగుడ్డు ఆకారం చేస్తారు. నేను అరీనాలో ఆ నాలుగు చోట్లా ప్లాస్టిక్ కోన్లు పెట్టి నేర్చుకున్నా, గుర్రం లేనప్పుడు నా కాళ్లతో నడిచి కూడా. బార్న్‌లో పిల్లలు నవ్వుకున్నారు, నవ్వుకోనీండి.

గుర్రాన్ని ఎంచుకోవడం గురించి కొంచెం. పై పెదవి లోపల పచ్చబొట్టు నంబరు ఉంటుంది, 2017 నించి పుట్టినవాటికి మైక్రోచిప్ ఉంటుంది. దాంతో గుర్రం అసలు పేరు, అది పరుగెత్తిన రేసుల చరిత్ర తెలుస్తాయి. నా మటుకు నాకు, చాలా రేసులు పరుగెత్తి కూడా కాళ్లు శుభ్రంగా ఉన్నదే మంచి బేరం. ఒకటి రెండు రేసులకే ఆపేసిన గుర్రమైతే ఎందుకు ఆపారో అడగండి. కొనే ముందు అమ్మేవాళ్ల వెట్‌తో (పశువైద్యుడు) కాకుండా మీరు పిలిపించుకున్న వెట్‌తో పరీక్ష చేయించండి, వీపు ఎక్స్‌రే కూడా అడగండి, ఎందుకంటే వెన్నుపూసలు ఒకదానికొకటి ఒరుసుకునే సమస్య ఉంటే ఎంత మంచి కోచ్ ఉన్నా లాభం లేదు. కడుపులో పుండ్లు రేసు గుర్రాల్లో చాలా మామూలు. జీను బిగిస్తుంటే కరవబోవడం, మేత సగంలో వదిలేయడం లాంటివి కనిపిస్తే పొగరు అనుకోకుండా వెట్‌కి చూపించండి. జీను కొనేశాం కదా, అయిపోయిందనుకోవద్దు, ఆరు నెలల్లో వీపు కండ పెరిగి గుర్రం ఆకారమే మారిపోతుంది, జీను అమర్చేవాళ్లని మళ్లీ పిలవాల్సిందే. ఇక డబ్బు: గుర్రం ధర చూసి మురిసిపోకండి, నెలనెలా బోర్డింగ్ (గుర్రాన్ని బార్న్‌లో ఉంచే ఖర్చు), లాడాలు, పాఠాలు, ట్రెయిలర్ కలిపితే కొన్న ధర చిన్నదైపోతుంది.

షోల విషయానికొస్తే, మొదటిసారి తీసుకెళ్లినప్పుడు పోటీలో దిగకండి. నిజంగానే చెప్తున్నా. ఫామ్ వాళ్లని అడిగి, పోటీ లేకుండా గుర్రాన్ని తీసుకొచ్చే ఫీజు కట్టి, తాడు పట్టుకుని అంతా తిప్పండి. ట్రెయిలర్ దిగడం, పక్కన కొత్త గుర్రాలు, మైకులో గొంతు, ఇవన్నీ రేసు గుర్రానికి ఒకే ఒక్క సంగతి చెప్తాయి, ఈరోజు పరుగు ఉందని. ఏ పరుగూ లేకుండా ఎండుగడ్డి తిని ఇంటికొచ్చేసిన రోజులు రెండు మూడు పడ్డాకే ఆ లెక్క మారుతుంది. తర్వాత స్కూలింగ్ షోలు. జాతీయ సంఘం గుర్తింపు లేనివి, ఫీజు తక్కువ, కోటు అక్కర్లేదు, లీస్‌బర్గ్‌లో మార్వెన్ పార్క్ లాంటి చోట్లకి వెళ్తే మీకు దూరం కూడా కాదు. గుర్తింపు ఉన్న షోలకైతే మెంబర్‌షిప్‌లు, గుర్రం నమోదు, ఏడాది లోపు చేసిన కాగిన్స్ రక్తపరీక్ష, ఆరు నెలల లోపు ఫ్లూ, హెర్పిస్ టీకాలు వేయించినట్టు కాగితం, ఇవన్నీ కావాలి. ఒక ఫైల్‌లో పెట్టి ట్రెయిలర్‌లోనే ఉంచేయండి.

అసలు కష్టం టెస్ట్‌లో కాదు, వార్మప్ రింగ్‌లో. పదిమంది రైడర్లు, ఒక్కొక్కరిది ఒక్కో లెవెల్, ఒకరు అడ్డంగా వస్తుంటారు, ఒకరు వెనక నించి కాంటర్‌లో దూసుకొస్తారు. ఎదురెదురుగా వస్తే ఎడమ భుజం ఎడమ భుజం పక్కగా దాటాలనేది పద్ధతి, అందరూ పాటించరు. తోకకి ఎర్ర రిబ్బన్ ఉన్న గుర్రం తన్నుతుంది, దూరంగా ఉండండి. వెనక నించి డెక్కల చప్పుడు వినగానే మా చంటిగాడు రేసు మూడ్‌లోకి వెళ్లిపోయేవాడు, అందుకని మేం వార్మప్‌ని రెండు ముక్కలు చేశాం: పొద్దున్నే రింగ్ ఖాళీగా ఉన్నప్పుడు కాసేపు, టెస్ట్ ముందు ఇంకాసేపు, రెండోది దాదాపు అంతా వాక్‌లోనే. వేడి రక్తపు గుర్రాన్ని అలిసేదాకా తిప్పితే నెమ్మదిస్తుందని చెప్పేవాళ్లు ఉంటారు. థరోబ్రెడ్ అలవదండీ, తిప్పేకొద్దీ వేడెక్కుతుంది, మీరే అలిసిపోతారు.

లోపలికి పిలిచాక గంట కొట్టేముందు అరీనా చుట్టూ బయట నించి తిరిగే వీలుంటుంది, దాన్ని వాడుకోండి. C దగ్గర జడ్జి కూర్చునే గూడు, పూల తొట్లు, గాలికి ఎగిరే కాగితాలు, వీటిని రెండు వైపుల నించీ చూపించండి, ఎందుకంటే ఒక వైపు నించి చూసిన వస్తువే ఇంకో వైపు నించి కనబడితే గుర్రానికి కొత్తగా అనిపించొచ్చు. టెస్ట్‌ని బయట నించి ఎవరైనా చదివి వినిపించడం మామూలు షోలలో ఈ లెవెల్స్‌కి ఒప్పుకుంటారు. మా ఆయన చదివేవారు, ఆయన తెలుగు యాసలో "ఎ, ఎంటర్ వర్కింగ్ ట్రాట్" అంటుంటే జడ్జి కూడా తలెత్తి చూసేది.

టెస్ట్ అయ్యాక వచ్చే కాగితంలో చాలామంది పర్సంటేజీ చూసి మడిచి పెట్టేస్తారు. కింద అంకె కాదు, పక్కన రాసిన మాటలు చదవండి. ఆరు అంటే ఫరవాలేదని, ఏడు అంటే బాగానే ఉందని, ఐదు అంటే అంతంతమాత్రం అని. మా మొదటి కాగితాల్లో జడ్జి మారినా మాట మారలేదు: తొందర, బిగుతు, మెడ పొట్టిగా అయింది. వేసవి మధ్యకి వచ్చేసరికి ఆ మాటలు పోయి "ఇంకా శక్తి కావాలి" అని రావడం మొదలైంది. అప్పుడు మార్కులు పెద్దగా పెరగలేదు కానీ నేను మాత్రం పార్కింగ్‌లో చిందులేశా, రేసు గుర్రాన్ని పట్టుకుని బద్ధకంగా ఉందన్నారంటే ఆ శీతాకాలం ఊరికే పోలేదన్నమాట.

జులై, ఆగస్టుల్లో ఇక్కడి ఉక్కపోత మీకు తెలుసుగా. కోటు వేసుకోనక్కర్లేదని షో వాళ్లు ప్రకటిస్తారు, హెల్మెట్ మాత్రం తీయకూడదు. మేం ఆ రెండు నెలలూ షోలు మానేసి పొద్దున్నే చెట్ల నీడలో దారుల వెంట నడిపించాం, సెప్టెంబరులో వాడు కొత్త ఉత్సాహంతో వచ్చాడు. పాయింట్ల కోసం ప్రతి వీకెండూ లాక్కెళ్లేవాళ్ల గుర్రాలు ఆ సమయానికి మొహం వేలేసుకుని కనిపిస్తాయి. రీజనల్ ఛాంపియన్‌షిప్‌కి అర్హత క్లాసులు వేరే ఉంటాయి, మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. ఫస్ట్ లెవెల్‌కి ఎప్పుడు మారాలంటే, నా లెక్క ఇది: వేర్వేరు చోట్ల, వేర్వేరు జడ్జిల దగ్గర అరవై శాతం పైన వస్తూ, ఇంట్లో లెగ్ యీల్డ్ (కాలి సైగకి పక్కకి జరుగుతూ ముందుకి నడవడం), ట్రాట్ అంగ పొడిగించడం గొడవ లేకుండా జరుగుతుంటే మారండి. షోలో చేసేది ఇంట్లో చేసేదానికంటే ఒక మెట్టు కింద ఉంటే గుర్రానికి కంగారుండదు.

ఇంకొక్కటి, ఇది గుర్రం కొనకముందే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఏ షోకైనా వాలంటీర్లు కావాలి, జడ్జి పక్కన కూర్చుని ఆవిడ చెప్పే మార్కులూ మాటలూ రాసే పని అడగండి. స్క్రైబ్ అంటారు. ఒక్క పూటలో ఇరవై గుర్రాలు ఒకే టెస్ట్ చేయడం జడ్జి కూర్చున్న చోటి నించి చూస్తారు, ఆరుకీ ఏడుకీ తేడా ఎక్కడుందో ఏ వీడియో కన్నా బాగా కళ్లకి అర్థమవుతుంది. స్కూలింగ్ షోల తేదీలు చలి తగ్గకముందే పెడతారు. చూసుకుని పేరు ఇచ్చేయండి, చేతిరాత బాగుంటే వాళ్లే మళ్లీ పిలుస్తారు. ఆ గుర్రం వెట్ రిపోర్ట్ వస్తే ఇక్కడే పెట్టండి, కాళ్ల ఎక్స్‌రేల గురించి నాకు తెలిసినంత చెప్తాను.