కోటీ అరవై లక్షల కారుకు ఒకవైపు సందు ఎక్కువ: కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు ఉంది. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో కోటీ అరవై లక్షలు పెట్టి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. బిల్లు మిల్లు కంపెనీ పేరున ఉంది, నడిపేది మాత్రం నేనే. బానెట్‌కీ ఫెండర్‌కీ (ముందు చక్రం మీది రేకుకీ) మధ్య ఎడమవైపు సందు ఎక్కువగా ఉంది. అటువైపు డోరు అంచు కూడా కాస్త పైకి లేచింది. షోరూంలో అడిగితే ‘ఈ కార్లకు ఇది మామూలే సార్’ అంటున్నారు. కారు మార్చి ఇవ్వమని కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే కారు మార్చాలన్న ఒక్క కోరికతోనే వెళ్లకండి. వారంటీ ప్రకారం లోపమున్న భాగం మార్చడమే కంపెనీ బాధ్యత అయినప్పుడు మొత్తం కారు మార్చమనడం కుదరదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బానెట్ కీళ్లు, డోరు లాక్ సర్దితే పోయే తేడాకు కొత్త కారు రావడం కష్టం.

నా అనుమానం వేరే చోట ఉంది. బానెట్, డోరు రెండూ ఒకే వైపు తేడాగా ఉన్నాయంటే, మీ చేతికి రాకముందే బండికి ఎక్కడో దెబ్బ తగిలి ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. ముందు ఇది తేల్చుకోండి. పెయింట్ మందం కొలిచే మీటరుతో అన్ని ప్యానెళ్లూ కొలిపించండి. ఒక్క ప్యానెల్ మీదే మందం బాగా ఎక్కువ ఉంటే మళ్లీ పెయింట్ వేశారనడానికి అది గట్టి సూచన. అల్యూమినియం బాడీ అయితే దాన్ని కొలవగల మీటరే కావాలి. కార్బన్ ఫైబర్ మీద మామూలు మీటరు పనిచేయదు. రిపేరు దాచి కొత్త బండిగా అమ్మారని తేలితే అది అనుచిత వ్యాపార పద్ధతి. అప్పుడు డబ్బు వాపసు అడగడానికి మీకు బలం ఉంటుంది.

రిపేరు జాడ లేకపోతే వాదన కొలతల మీదకు వస్తుంది. సందు ఎన్ని మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చో, మీ కారులో ఎంత ఉందో రాతపూర్వకంగా ఇవ్వమని షోరూంకు, కంపెనీకి మెయిల్ పెట్టండి. ‘మామూలే’ అన్న నోటిమాట సాక్ష్యం కాదు. బ్రోచర్ కూడా దాచుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మేవాళ్లు చెప్పుకున్న నాణ్యత లేకపోయినా అది లోపమే. వాళ్లు సరిచేస్తామంటే చేయనివ్వండి, కానీ సరిచేయకముందూ, చేశాకా ఫొటోలు తీసుకుని, జాబ్ కార్డులో (సర్వీసుకు ఇచ్చేటప్పుడు షోరూం వాళ్లు రాసే కాగితంలో) ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. దయచేసి ఊళ్లో డెంటింగ్ షెడ్డుకు మాత్రం తీసుకెళ్లకండి. ఒక్క బోల్టు కదిపినా ఆ తేడా మీ మెకానిక్ వల్లే వచ్చిందంటారు.

బిల్లు కంపెనీ పేరున ఉందని టెన్షన్ పడకండి. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు మామూలుగా వినియోగదారుల కిందకు రారు, నిజమే. కానీ డైరెక్టర్ వాడుకోవడానికి కంపెనీ కొన్న కారును అంతమాత్రాన వాణిజ్య అవసరానికి కొన్నట్టు చూడలేమని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు మాత్రం కంపెనీ పేరునే వేయాలి.

చెల్లించిన ధర 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు ఉంది కాబట్టి నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాకుండా హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. గడువు రెండేళ్లు. షోరూంను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. నిపుణుడితో కారు తనిఖీ చేయించాలన్న దరఖాస్తును ఫిర్యాదుతో పాటే వేయండి. మొదటి కోరికగా లోపం సరిచేసి పరిహారం ఇవ్వాలని, అది కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని అడగండి.