చెప్పు కొరికిన కుక్క తల వంచుకుంటే అది సిగ్గేనా?

ఇంటికి రాగానే మీ కుక్క చెవులు వాల్చి, తల వంచుకుంటోందని రాశారు. అది సిగ్గు కాదండీ, భయం. మీరు అరవబోతున్నారని దానికి అర్థమైపోయింది, అంతే. కుక్కల ప్రవర్తన మీద పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తినొద్దని చెప్పి యజమాని బయటికి వెళ్తాడు. తిరిగొచ్చాక కుక్క తినేసిందని ప్రయోగం చేసేవాళ్లు ఆయనతో చెబుతారు, ఒక్కోసారి అబద్ధమే. తిట్లు పడగానే, అసలేమీ తినని కుక్కలే ఆ ముఖం ఇంకా ఎక్కువ పెట్టాయట. అందుకే కుక్కని నిలదీసి రీల్స్ తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని వాటికి మనసే లేదంటే ఒప్పుకోను. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మా చింటూగాణ్ణి ఎత్తుకుని డాబా ఎక్కాం. వీధికుక్కే, జాతీ గీతీ ఏం లేదు. పులిహోర వాసనకే లేచి కూర్చునే రకం. ఆ రోజు పొట్లం విప్పి ముందు పెట్టినా ముట్టలేదు. పిట్టగోడ సందులోంచి నీళ్లకేసి చూడటం, మూతి నాక్కోవడం, ఆవలించడం. "పాపం, నిద్రొస్తోందిరా వీడికి" అంది అమ్మ. నిద్ర కాదు, టెన్షన్. కంగారు పడితే కుక్కలు అలాగే ఆవలిస్తాయి.

నీళ్లు తగ్గాయి, బురద కడుక్కున్నాం. ఇప్పుడు వాన పడినా, ఉరిమినా వాడు పట్టించుకోడు. కానీ ఎవరో మోటారు కట్టేయడం మర్చిపోయి, ట్యాంకు నిండి, పైపులోంచి నీళ్లు సిమెంటు మీద ధారగా పడ్డాయా, ఉన్నపళంగా మెట్లెక్కేస్తాడు. పిలిస్తే రాడు. మలుపు దగ్గర ఆగి, మేం వస్తున్నామో లేదో వెనక్కి చూసి, కదిలేదాకా మొరుగుతూనే ఉంటాడు. ఇది ఉత్త అలవాటు అనేవాళ్లు మా ఇంటికొచ్చి ఓసారి మోటారు వేసి చూడండి.

మా పక్కసందు అపార్ట్‌మెంట్‌లో ఒకాయన హస్కీని తెచ్చుకున్నాడు. సైబీరియా మంచులో బళ్లు లాగే కుక్కని బెజవాడ మే నెల ఎండకి బాల్కనీలో కట్టేస్తాడు! అడిగితే ఏసీ ఉందంటాడు. కరెంటు పోతేనో? అది గొంతెత్తి ఏడుస్తుంటే "మావాడు పాడతాడండీ" అని మురిసిపోతాడు.

సరే, మీ సంగతికొస్తే, పొద్దున కొరికిన చెప్పుకి సాయంత్రం తిడితే ఎందుకు తిట్టారో దానికి తెలీదు. రోజూ కాసేపు ఎక్కువ తిప్పండి, కొరుక్కోవడానికి ఏదైనా ఇవ్వండి. చెప్పులు మాత్రం స్టాండులో పై అరలో పెట్టుకోండి.