ఆర్‌ఎక్స్ 100 స్ట్రోక్ పెంచాక పిస్టన్ చెక్కించాలా, హెడ్ చెక్కించాలా?

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకు క్రాంక్ పిన్నును (పిస్టన్ రాడ్డు కింది కొస తగిలించే పిన్నును) 2 మి.మీ. బయటికి జరిపించి 50 మి.మీ. స్ట్రోకును, అంటే పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరాన్ని, 54 చేయించానన్నారు. ఇప్పుడు పిస్టన్ పోయి హెడ్‌కు తగులుతోంది, పిస్టన్ పైభాగం 2 మి.మీ. చెక్కిద్దామని మెకానిక్ అంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు. అన్నా, పిస్టన్ పైభాగం మీద చెయ్యి పెట్టనీయొద్దు. కోత పడాల్సింది హెడ్‌కు, అంటే సిలిండర్ మీది మూతకు. కడపలో నా బండికి ఇదే పని ఇలాగే చేయించాను, బాగా నడుస్తోంది.

పిస్టన్ పైభాగం అసలే పలుచన. మంట వేడి అక్కడి నుంచి రింగుల మీదుగా బ్లాకులోకి (పిస్టన్ కదిలే సిలిండర్‌లోకి) దిగాలి. చెక్కితే వేడి దిగే దారి సన్నబడుతుంది, పై రింగు మంటకు దగ్గరవుతుంది. మే నెల ఎండలో గువ్వలచెరువు ఘాటు ఎక్కించి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. అలా చెక్కిన పిస్టన్ ఒకటి చూశాను, సైలెన్సర్ వైపు అంచు కరిగి రింగు గాడిలోనే ఇరుక్కుపోయింది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. టూ స్ట్రోక్‌లో పోర్టులను (బ్లాకు గోడలో గ్యాసు వచ్చిపోయే బెజ్జాలను) తెరిచేది, మూసేది పిస్టన్ పై అంచే. లెక్క కోసం మీ ఎగ్జాస్ట్ పోర్టు (పొగ సైలెన్సర్‌లోకి పోయేది) బ్లాకు పై అంచుకు 27 మి.మీ. కింద ఉందనుకుందాం. కంపెనీ స్ట్రోకులో 50కి 27, అంటే పిస్టన్ 54 శాతం దిగాక పోర్టు తెరుచుకుంటుంది. పిస్టన్ 2 మి.మీ. చెక్కితే 54కి 27, సగంలోనే తెరుచుకుంటుంది. బ్లాకు కింద 2 మి.మీ. ప్లేటు వేసినా ఇదే ఫలితం. పై స్పీడులో బాగుంటుందేమో గానీ టౌన్లో పికప్ చచ్చిపోతుంది. అదే పిస్టన్‌ను, బ్లాకును కదపకుండా హెడ్ దగ్గరే 2 మి.మీ. చోటిస్తే 54కి 29, దాదాపు పాత టైమింగే. స్ట్రోకు పెంచేదే కింది లాగుడు కోసం కదా, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

చోటు ఇవ్వడానికి హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ప్లేటు వేయొచ్చు, లేదా హెడ్‌లోనే లేత్ మీద గుంట తీయించొచ్చు. ఏది చేసినా పిస్టన్ ఏటవాలుకు సరిపోయేలా స్క్విష్ అంచును (పిస్టన్‌కు బాగా దగ్గరగా వచ్చే హెడ్ చుట్టంచును) మళ్లీ కోయించాలి. ప్లగ్గు బెజ్జంలోంచి మెత్తటి సోల్డర్ తీగ దూర్చి, పిస్టన్ పిన్ను ఉన్న వరసలో రెండు పక్కలా గోడకు తగిలేలా పెట్టి, క్రాంక్ ఒక చుట్టు తిప్పండి. నలిగిన కొస 0.9 నుంచి 1 మి.మీ. ఉంటే చాలు. ఇంకా తగ్గిద్దామని ఆశపడొద్దు, వేడెక్కాక రాడ్డు సాగుతుంది. బండి 98 సీసీ నుంచి 106కు చేరింది, అంటే 8 శాతం ఎక్కువ. పాత కంప్రెషనే ఉండాలంటే ఛాంబర్ (పిస్టన్ పైకెళ్లినప్పుడు దాని పైన మిగిలే చోటు) కూడా 8 శాతం పెరగాలి. పాత ఛాంబర్ 10 సీసీ పట్టేదైతే ఇప్పుడు 10.8 పట్టాలి. సిరంజితో ఆయిల్ పోసి కొలవండి.

పిస్టన్‌కు కోత పడితే కింద స్కర్టుకే (పిస్టన్ కింది గోడకే) పడొచ్చు. కిందికి 2 మి.మీ. ఎక్కువ దిగుతుంది కాబట్టి క్రాంక్‌కు తగులుతుందేమో చేత్తో తిప్పి చూడండి. తగిలితే తగిలే మేరకే తీయించండి. సైలెన్సర్ వైపు మాత్రం జాగ్రత్త. పిస్టన్ పూర్తిగా పైకెళ్లినప్పుడు ఆ వైపు స్కర్టు పోర్టును ఇంకా కప్పే ఉండాలి, లేకపోతే క్రాంక్‌కేసులోని కొత్త మిక్చర్ నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది.

కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసి మొదలుపెట్టి, ప్లగ్గు రంగు చూసుకుంటూ తగ్గించుకోండి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మిక్చర్‌ను మరింత పలచన చేస్తుంది. ఆర్‌సీలో ఉన్న సీసీ మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, కాబట్టి ఇది రోడ్డు మీద తిప్పే బండికి చేసే పని కాదు.

హెడ్ పనికి ముందు ఒకటి కొలవండి. పిస్టన్ పై అంచు నుంచి పై రింగు దాకా ఎంత దూరం ఉంది? 2 మి.మీ. పైకెళ్లాక కూడా ఆ రింగు బ్లాకు లోపలే ఉండాలి. ఉండకపోతే ప్లేటును సగం పైన, సగం కింద పంచాల్సి వస్తుంది. ఆ కొలత ఇక్కడ రాయండి, ఎంత మందం ఎక్కడ వేయాలో లెక్క కట్టి చెప్తాను.