క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు దొరకడానికి ఇన్నేళ్లా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడండీ. ప్రతి ఏడూ ఏప్రిల్ చివర్లో ఒక మూడు రోజులు ఫోన్ చేస్తే చాలు, "అమ్మా, డ్రాఫ్ట్ నడుస్తోంది, తర్వాత చేస్తా" అని పెట్టేస్తాడు. అది మ్యాచ్ కూడా కాదట, కాలేజీ పిల్లల్ని జట్లు ఎంచుకోవడమట. వాళ్ల జట్టుకు ఎన్నేళ్లయినా సరైన క్వార్టర్‌బ్యాక్ దొరకలేదని ఒకటే బాధ. అంత పెద్ద దేశంలో ఒక్క మనిషి దొరకడా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి బాధ నాకు బాగా తెలుసు. కర్నూలుకు తిరిగి రాకముందు నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో కొన్నేళ్లు ఉన్నాను, ఆ మూడు రోజులు నేనూ ఎవరి ఫోనూ ఎత్తేవాణ్ణి కాదు.

ముందు క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో చెప్తాను. ఇది మన కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది ఉంటారు, బంతి మన జట్టు దగ్గర ఉన్నప్పుడు ఇంచుమించు ప్రతిసారీ ముందు ఇతని చేతికే వస్తుంది. వచ్చాక రెండున్నర, మూడు సెకన్ల టైమ్ ఉంటుంది. ఒక్కొక్కరు నూట ఇరవై, నూట ముప్పై కిలోలున్న మనుషులు తనను పడగొట్టడానికి మీదికి వస్తుంటే, ఆ మూడు సెకన్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకుని, వాడు ఇప్పుడున్న చోటికి కాదు, వాడు చేరబోయే చోటికి విసరాలి. మిగతా పదిమందీ ఎంత బాగా ఆడినా ఇతను తప్పు చేస్తే బంతి అవతలి వాళ్ల చేతిలో పడుతుంది.

కాలేజీల్లో ఈ పని బ్రహ్మాండంగా చేసే పిల్లలు ప్రతి ఏడూ వస్తారు. చిక్కంతా ఏందంటే, కాలేజీ ఆట వేరు, పై ఆట వేరు. కాలేజీలో 2024 దాకా చాలా జట్లు మైదానం గట్టు మీద నుంచి కోచ్ సైగ చేస్తే ఆడేసేవి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే జీతానికి ఆడే ఆ పై లీగ్‌లో, అలా కుదరదు. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలో కోచ్ పది పదిహేను మాటలున్న ఆట పేరు చెప్తాడు, గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో ఆగిపోతుంది, ఇక అక్కడి నుంచి అంతా ఆ కుర్రాడే. పేరు మొత్తం గుర్తుపెట్టుకుని పదిమందికి చెప్పాలి, వాళ్లను నిలబెట్టాలి, ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి అవసరమైతే ఆటనే మార్చాలి. ఇరవై రెండేళ్ల పిల్లాడి మీద పడే బరువు ఇది.

ఇప్పుడు మీవాడి జట్టు సంగతి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 1995 తర్వాత ఊరు విడిచి వెళ్లిపోయింది, 1999లో మళ్లీ కొత్తగా వచ్చింది. డ్రాఫ్ట్‌లో జట్లు వంతులవారీగా పిల్లల్ని ఎంచుకుంటాయి, అందరి వంతూ ఒకసారి అయితే ఒక రౌండ్. వచ్చిన ఏడాదే మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశంతో క్వార్టర్‌బ్యాక్ టిమ్ కౌచ్‌ను తీసుకున్నారు. ఐదేళ్లకు వదిలేశారు. తర్వాత 2007లో బ్రేడీ క్విన్, 2012లో బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాంజెల్. విచిత్రం చూడండి, ముగ్గురినీ 22వ స్థానంలోనే తీసుకున్నారు, ముగ్గురూ నిలబడలేదు. వీడెన్‌కైతే అప్పటికే 28 ఏళ్లు. 2018లో మళ్లీ మొదటి అవకాశం వచ్చింది, బేకర్ మేఫీల్డ్ వచ్చాడు, 2020 సీజన్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ గెలిపించాడు, 1994 సీజన్ తర్వాత ఆ ఊరికి అదే మొదటిది. అతన్నీ 2022లో పంపించేశారు. 1999 నుంచి లెక్కపెడితే నలభై మంది దాకా మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా మైదానంలోకి దిగారు.

నన్నడిగితే అన్నింటికన్నా కడుపు రగిలేది ఇంకొకటి ఉంది. 2017లో 12వ అవకాశం బ్రౌన్స్ దగ్గరే ఉంది. దాన్ని హ్యూస్టన్‌కు ఇచ్చేశారు, ఆ అవకాశంతో హ్యూస్టన్ డెషాన్ వాట్సన్‌ను తీసుకుంది. ఐదేళ్ల తర్వాత అదే వాట్సన్‌ను తెచ్చుకోవడానికి అదే హ్యూస్టన్‌కు మూడు మొదటి రౌండ్ అవకాశాలు ఇచ్చి, అతనికి 23 కోట్ల డాలర్లు ఖాయంగా ఇస్తామని సంతకం పెట్టారు. మొదటి మూడు సీజన్లలో అతను దిగింది 19 మ్యాచ్‌లు. ఒకప్పుడు చేతిలో ఉన్న అవకాశం, తర్వాత ఇల్లమ్మినంత ధర. మీ అబ్బాయి ఏప్రిల్‌లో ఫోన్ ఎత్తకపోతే కోప్పడకండమ్మా, వాడు చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

మరి ఎందుకు దొరకడు? నా ఆలోచన ఒక్కటే, పాతికేళ్ల డ్రాఫ్ట్‌లు చూశాక గట్టిపడిన ఆలోచన. క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకోవడం సగం పనే, వాణ్ణి ఎవరి పక్కన నిలబెట్టారన్నది మిగతా సగం.

మా మేనమామ ఎమ్మిగనూరు జాతరలో ఎద్దులు కొనేటప్పుడు చిన్నప్పుడు వెంట వెళ్లేవాణ్ణి. ముకుతాడు పట్టుకుని, బొటనవేలితో పెదవి పైకెత్తి పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, వంగి గిట్టలు తడిమేవాడు. ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత గంటసేపు చేసే పని వేరు. ఆ ఎద్దును ఇంకో ఎద్దుతో కాడి కట్టించి వదులు మట్టిలో నడిపించేవాడు. జత కుదరకపోతే ఎంత బలమైన ఎద్దయినా మెడ పుండు చేసుకుని కూర్చుంటుంది అనేవాడు. అమెరికాలో డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని ఒకటి పెడతారు. అక్కడ పిల్లల ఎత్తు, బరువు, అరచెయ్యి వెడల్పు కూడా కొలుస్తారు, 40 గజాలు పరిగెత్తించి టైమ్ రాసుకుంటారు. అదంతా పళ్లు చూడటమే. కాడి కట్టి చూడటానికి అక్కడ వీల్లేదు, జీతం ఇచ్చి తెచ్చుకున్నాకే తెలుస్తుంది.

2000లో టామ్ బ్రేడీ ఆ 40 గజాలు 5.28 సెకన్లలో పరిగెత్తాడు, నెమ్మదిగానే. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు, అతను ఆరో రౌండ్‌లో 199వ వాడు. తర్వాత ఏడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. ఇటు 2021 చూడండి. మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు, 2024 సీజన్ మొదలయ్యేసరికి ట్రెవర్ లారెన్స్ ఒక్కడే తనను తీసుకున్న జట్టులో మిగిలాడు. ఆ ఐదుగురిలో ట్రే లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో 12 నుంచి 3కు ఎక్కడానికి, రాబోయే రెండేళ్ల మొదటి రౌండ్ అవకాశాలు కూడా ధారపోసింది. మరుసటి ఏడాది అదే జట్టు మొత్తం డ్రాఫ్ట్‌లో చిట్టచివరి పేరుగా, 262వ వాడిగా బ్రాక్ పర్డీని తీసుకుంది. ఆ చివరివాడే వాళ్లను సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు.

నేను కళ్లారా చూసింది డాలస్‌ది. 2016 ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్ హాల్లో ఎనిమిది మందిమి, అందరం తెలుగువాళ్లమే, నేల మీద చాప పరుచుకుని కూర్చున్నాం. డాలస్‌కు పాక్స్టన్ లించ్ అనే క్వార్టర్‌బ్యాక్ కావాలి. డెన్వర్ పైకి ఎగబాకి 26వ స్థానంలో అతన్ని ఎత్తుకుపోయింది. ఆ తర్వాత కానర్ కుక్ కావాలనుకున్నారు, ఓక్లాండ్ అడ్డం వచ్చింది. శనివారం నాలుగో రౌండ్‌లో, 135వ పేరుగా, డాక్ ప్రెస్కాట్ అని చదివారు. మాలో సగం మంది అప్పటికే భోజనానికి లేచిపోయారు, నేనూ చేతిలో ప్లేటుతో వంటింటి గడప దగ్గర ఉన్నాను, పేరు విని మళ్లీ టీవీ వైపు తిరగలేదు. ఆగస్టులో డాలస్ అసలు క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకు నడుం దెబ్బ తగిలింది. ఇక వేరే దారిలేక ప్రెస్కాట్‌ను దింపారు, ఆ ఏడు 13 గెలిచి 3 ఓడారు.

ప్రెస్కాట్ గొప్పవాడే. కానీ అతని ముందు నిలబడి కాపాడింది టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్, ఆ రోజుల్లో అంతకన్నా గట్టి గోడ ఇంకే జట్టుకూ లేదు. అటు డెన్వర్ వెళ్లిన లించ్ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దిగింది మొత్తం నాలుగు మ్యాచ్‌లే. కాబట్టి అమ్మా, ఈసారి మీవాడు ఫోన్ చేసినప్పుడు "ఎవర్ని తీసుకున్నారు నాయనా" అని ఒక్కటే అడక్కండి, "వాడి ముందు నిలబడే ఐదుగురు ఎవరు" అని కూడా అడగండి. సంతోషపడి గంటసేపు మాట్లాడతాడు.

ప్రశ్న: అన్నా, మన ఐపీఎల్‌లాగా వేలం పెట్టొచ్చు కదా? ఓడిపోయిన జట్టుకే ముందు అవకాశం ఇస్తే, మంచి క్వార్టర్‌బ్యాక్ కోసం కావాలనే ఓడిపోరా? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: తమ్ముడూ, వేలం పెడితే డబ్బున్నవాళ్లే గెలుస్తారనే భయంతోనే ఇది పుట్టింది. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. ముందు ఏడాది బాగా ఓడినవాళ్లు ముందు, గెలిచినవాళ్లు చివర. ఇప్పుడు 32 జట్లు, ఏడు రౌండ్లు. ఐపీఎల్ వేలంలో డబ్బు చేతులు మారుతుంది, ఇక్కడ వంతులు చేతులు మారతాయి, పైకెక్కాలంటే రాబోయే ఏళ్ల వంతులు వదులుకోవాలి. 2011లో కొత్తవాళ్ల జీతాలకు కట్టుబాటు కూడా పెట్టారు. అంతకుముందు ఏడాది మొదటివాడు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం, ఆ ఏడు మొదటివాడు క్యామ్ న్యూటన్‌కు 2 కోట్ల 20 లక్షలు. జట్లన్నీ కుర్ర క్వార్టర్‌బ్యాక్ కోసం పాకులాడేది ఇందుకే. పేరొచ్చినవాడికి ఏడాదికి ఐదారు కోట్లు పోయాలి, 2024లో మన ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్లు రాసిచ్చారు. కుర్రాడు నాలుగేళ్లు తక్కువ జీతానికి ఆడితే మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి జట్టు కట్టుకోవచ్చు.

కావాలని ఓడిపోవడం గురించి అడిగావు. 2011లో ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడ ఆపరేషన్‌తో ఏడాదంతా ఆడలేదు, ఆ జట్టు 2 గెలిచి 14 ఓడింది, మరుసటి డ్రాఫ్ట్‌లో అందరూ కోరుకున్న క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ వాళ్లకే దక్కాడు. కానీ ఆ ఏడు జట్టును నడిపిన కోచ్‌నూ మేనేజర్‌నూ అప్పటికే తీసేశారు. ఓడినవాళ్లకు లక్‌తో పనిచేసే అదృష్టం దక్కలేదు. తన ఉద్యోగం పోతుందని తెలిసీ వేరేవాడి కోసం ఓడిపోయే కోచ్ ఉంటాడా? యజమాని మనసులో ఏముంటుందో వేరే సంగతి. ఆ లక్ కూడా దెబ్బల మీద దెబ్బలు తిని 2019లో, 29 ఏళ్లకే ఆట మానేశాడు. మొదట్లో అతని ముందు గట్టి మనుషుల్ని పెట్టలేదన్నదే నాకు ఇప్పటికీ మిగిలిన బాధ.

ప్రశ్న: సార్, కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను వచ్చిన ఏడే దింపాలా, కూర్చోబెట్టాలా? మీ మాట ఏమిటి? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కూర్చోబెట్టమనే అంటాను, కుదిరితే. ఆరన్ రాడ్జర్స్ 2005లో 24వ వాడిగా వచ్చి మూడేళ్లు కూర్చున్నాడు. పాట్రిక్ మహోమ్స్ కోసం కాన్సాస్ సిటీ 2017లో 27 నుంచి 10కి ఎక్కింది, అయినా మొదటి ఏడు అలెక్స్ స్మిత్ వెనకే ఉంచి ఒకే ఒక్క మ్యాచ్ ఆడించింది. రెండో ఏడు అతనే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. అందరికీ ఇదే సూత్రమని మాత్రం అనను. మానింగ్‌ను 1998లో వచ్చీ రాగానే దింపారు, ఆ ఏడు 28 సార్లు బంతి అవతలి వాళ్లకిచ్చాడు, 3 గెలిచి 13 ఓడారు, మరుసటి ఏడు సరిగ్గా తిరగబడి 13 గెలిచి 3 ఓడారు. బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ మొదటి ఏడు విసిరిన బంతుల్లో తనవాళ్లకు చేరినవి నూటికి 53 కూడా లేవు. బఫెలో ఓపిక పట్టింది, అదే కోచింగ్‌ను కొనసాగించింది, 2020లో బంతి పట్టేవాడిగా స్టెఫాన్ డిగ్స్‌ను తెచ్చిపెట్టింది, ఆ ఏడు అది 69కి పోయింది.

నేను భయపడేది డేవిడ్ కార్ కథకు. 2002లో హ్యూస్టన్ కొత్తగా పుట్టిన జట్టు, మొదటి పేరుగా అతన్ని తీసుకుని మొదటి రోజు నుంచే ఆడించింది. ముందు కాపలా లేదు. ఆ ఒక్క సీజన్‌లో అతన్ని 76 సార్లు పడగొట్టారు, లీగ్ చరిత్రలో అదే ఎక్కువ. మా నాన్న చీనీ తోట పెట్టినప్పుడు మూడో ఏట పూత వస్తే ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆయన మాత్రం పొద్దున్నే లేచి చెట్టుచెట్టుకూ తిరిగి ఆ పూతంతా గిల్లేసేవాడు, కొమ్మ కాయ మోసే వయసు రాలేదని. కార్ ఆ దెబ్బలు తిన్నాక బంతి చేతికి రాగానే ముందు వైపు కాకుండా తన మీదికి ఎవరొస్తున్నారో చూసుకునేవాడు. అతను చెడ్డ ఆటగాడని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను.