మొదటి ఫిల్ము కెమెరా: పేరు కన్నా ముందు లెన్సు చూడండి

ఫిల్ము మీద ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుంది, కేనన్ ఏఈ-1 మంచిదా పెంటాక్స్ కె1000 మంచిదా అని విజయనగరం నుంచి అడిగారు. నాది శ్రీకాకుళం. నేను వాడుతున్నది కె1000, మీకూ అదే చెబుతాను.

రెండూ 1976లో వచ్చినవే. ఏఈ-1లో బ్యాటరీ అయిపోతే షట్టరు, అంటే ఫిల్ము మీదికి వెలుతురు వదిలే తెర, పడదు. కె1000లో బ్యాటరీ పని వెలుతురు కొలిచే లైటు మీటరు వరకే, అది లేకపోయినా ఫొటో పడుతుంది. మంచి ఎండలో ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, అంకె చిన్నదైతే కన్నం పెద్దది) 16, 200 ఫిల్ముకి (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు) షట్టరు 1/250 సెకను పెట్టుకుంటే చాలు, మీటరుతో పనే లేదు. అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే కాబట్టి వెలుతురు లెక్క తొందరగా వంటబడుతుంది. మీటరుకి స్విచ్ ఉండదు, బ్యాటరీ అయిపోకుండా వాడనప్పుడు లెన్సుకి మూత పెట్టేయండి.

అయితే ఏ కంపెనీది కొన్నా మన సముద్రతీరపు చెమ్మకి లెన్సులో బూజు పడుతుంది. అసలు చూడాల్సింది అక్కడే. లెన్సు విప్పి, ఎపర్చరు రింగుని అన్నిటికన్నా చిన్న అంకె మీద పెట్టి, వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి కాస్త పక్కకి వంచి చూడండి. సాలెగూటి పోగుల్లా తెల్లగా, సన్నగా అల్లుకుని ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. మూసేసిన ఒక స్టూడియోలో నాకు చూపించిన కెమెరా బయటికి కొత్తదానిలా మెరిసిపోతోంది, లెన్సు నిండా బూజే. నేను కొన్నదానికి ఒళ్లంతా గీతలు, లెన్సు మాత్రం శుభ్రం.

తర్వాత వెనక తలుపు తెరిచి షట్టరు నొక్కి చూడండి. 1 సెకను మీద పెడితే నిజంగా సెకను పాటు తెరుచుకోవాలి. తలుపు అంచున వెలుతురు ఆపే స్పాంజి పట్టీ వేలికి జిగురుగా అంటుకుంటే వెలుతురు లోపలికి కారుతుంది. అది మార్పించుకోవచ్చు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

లెన్సు 50 ఎంఎం ఒక్కటే చాలు. తేలినీలాపురంలో చెట్ల మీద వాలే కొంగలకి అది అందదు, కానీ దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్సు మీద ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. ఘంటస్తంభం చుట్టూ బజారు, కోట గోడలు, మీ వీధి మనుషులు, వీటికి 50 ఎంఎం హాయిగా సరిపోతుంది. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే వేళకి ఎండ తగ్గుతుంది, ఆ రోజుకి 400 రీలు వేసుకోండి.

ఇంటికి తెచ్చాక పాత తోలు కేసు తీసేయండి, చెమ్మంతా దానిలోనే ఉంటుంది. గాలి చొరని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి కెమెరా పెట్టండి.