ముందు నుంచీ ఉన్నంత మాత్రాన పొగ వదిలే హక్కు రాదు

ప్రశ్న: పలాస శివార్లలో నాలుగేళ్ల క్రితం ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ అవతల పన్నెండేళ్లుగా జీడిపిక్కల బట్టీ ఉంది. మొదట్లో పగటిపూట మాత్రమే కాల్చేవారు. నిరుడు బట్టీని పెంచి రాత్రిళ్లూ కాలుస్తున్నారు. ఆరేసిన బట్టలపై జిడ్డు మసి పడుతోంది. ఉబ్బసం ఉన్న మా అత్తగారికి ఊపిరాడడం లేదు. అడిగితే, "మీకంటే ముందు నుంచీ ఉన్నాం, లైసెన్సు కూడా ఉంది" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ రెండు మాటల్లో ఏదీ వారిని కాపాడదు. తన స్థలంలో చేసే పనివల్ల పొరుగువారి ఇంటి అనుభవానికి అసమంజసమైన ఆటంకం కలిగించడమే ప్రైవేటు న్యూసెన్స్; పరిశ్రమ నడుపుకోవడానికి ఇచ్చిన లైసెన్సు పొరుగింటిని మసితో నింపడానికి అనుమతి కాదు. ముందు వచ్చామనే వాదన 1879లోనే ఇంగ్లండులో వీగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా పెద్ద చప్పుడుతో రోళ్లు నడుపుతున్న మిఠాయి వ్యాపారిపై, ఆ పక్కనే కొత్తగా రోగులను చూసే గది కట్టుకున్న వైద్యుడు గెలిచాడు. దీర్ఘకాలంగా చేస్తున్నామంటూ హక్కు కోరేవారు, ఆ కాలాన్ని పొరుగువారికి ఇబ్బంది మొదలైన నాటి నుంచే లెక్కించాలని కోర్టు చెప్పింది.

మన ఈజ్‌మెంట్ల (ఒకరి స్థలంపై మరొకరికి ఉండే వినియోగ హక్కుల) చట్టం, 1882లోని 7వ సెక్షన్, తన స్థలానికి వచ్చే గాలిని ఇతరులు అసమంజసంగా కలుషితం చేయకుండా ఉండాలన్నది ప్రతి భూయజమాని హక్కుగా ఉదాహరిస్తుంది. దీర్ఘకాల వినియోగంతో పొగ వదిలే హక్కు రావాలంటే 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు నిరాటంకంగా సాగాలి. ఒకవేళ వచ్చినా, 28వ సెక్షన్ ఆ హక్కును మొదట్లో ఉన్న కాలుష్యం మేరకే పరిమితం చేస్తుంది. అందుకే నిరుడు బట్టీని పెంచిన సంగతి మీ కేసులో అతి ముఖ్యం.

అయితే కోర్టు సామాన్య వ్యక్తికి కలిగే ఇబ్బందినే కొలమానంగా తీసుకుంటుంది కాబట్టి, అత్తగారి ఉబ్బసం ఒక్కదానిపైనే ఆధారపడకండి. ఏ రోజు, ఏ వేళ పొగ వచ్చిందో రాసిపెట్టండి. మసి పడిన గోడలను, బట్టలను ఫొటోలు తీయించండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసి, వకీలు ద్వారా నోటీసు ఇప్పించండి. ఫలితం లేకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 38వ సెక్షన్ కింద శాశ్వత ఇంజంక్షన్ (ఆ పని చేయకుండా నిలిపే ఉత్తర్వు) కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. స్థలాన్ని పరిశీలించేందుకు అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) నియమించమని తప్పక అడగండి.

ఆ బట్టీపై కూలీల బతుకులూ ఆధారపడి ఉంటాయి కనుక, మొత్తం మూసేయమనే బదులు రాత్రి కాల్చడం ఆపి, పొగగొట్టం ఎత్తు పెంచేలా ఆదేశించమని కోరడం న్యాయమని నా అభిప్రాయం. వీధి మొత్తానికీ ఇదే బాధ ఉంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అందరూ కలిసి అర్జీ పెట్టుకోవచ్చు.